లైనక్స్ నెమ్మదించిందా? అది దేని కోసం ఆగుతోందో ముందు చూడండి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. విశాఖ జ్ఞానాపురంలో మీ నాన్నగారి డెస్క్‌టాప్. మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగియడంతో దాని స్థానంలో లైనక్స్ మింట్‌ను సినమన్ అనే డెస్క్‌టాప్ రూపంతో వేశారు. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. బ్రౌజర్ తెరిస్తే మౌస్ బాణం కదులుతుంది గానీ ఎక్కడ నొక్కినా పలకదు. అరనిమిషం ఆగి, నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. స్వాపినెస్‌ను, అంటే ర్యామ్‌లో ఉన్నవాటిని డిస్కులోకి ఎంత త్వరగా పంపాలో చెప్పే సెట్టింగును, 60 నుంచి 10కి తగ్గించారు. అయిదు నిమిషాలకోసారి ర్యామ్‌ను ఖాళీ చేసే స్క్రిప్టు పెట్టారు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కొన్నాళ్లు బాగుండి తిరిగి మొదటికొచ్చింది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, కొత్త కంప్యూటర్ కొనుక్కోండి అన్నారు. మీరు పంపిన టాప్ (నడుస్తున్న పనులను చూపే ప్రోగ్రాము) తెరలో లోడ్ యావరేజ్ 11 దాటింది, ప్రాసెసర్ వాడకం మాత్రం ఆరు శాతం.

కొత్త కంప్యూటర్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మదర్‌బోర్డు పోతే సాధారణంగా కంప్యూటర్ లేవనే లేవదు, లేదా పని మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. నెలల తరబడి కొంచెం కొంచెంగా నీరసించడం దాని లక్షణం కాదు. పైగా మీ తెరలోని ఆ రెండు అంకెలు, 11, ఆరు శాతం, పక్కపక్కన చూస్తే అనుమానం ఇంకోచోటికి పోతుంది.

లోడ్ యావరేజ్ అంటే ప్రాసెసర్ మీద ఉన్న భారం అని చాలామంది అనుకుంటారు. లైనక్స్‌లో 1993 నుంచి ఆ లెక్క కాస్త వేరు. ప్రాసెసర్ మీద నడుస్తున్న పనులు, వంతు కోసం ఆగిన పనులతో పాటు, డిస్కు నుంచి జవాబు వచ్చేదాకా కదలలేని పనులను కూడా అందులో కలుపుతారు. టాప్ తెరలో స్థితిని చూపే నిలువు వరుసలో ‘డి’ అక్షరం కనిపించేవి ఇవే. వీటిని చంపడానికి కూడా వీలుండదు. డిస్కు జవాబిచ్చాకే వదులుతాయి. మీ ప్రాసెసర్‌కు ఉన్నవి రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. లోడ్ 11 ఉండి ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉందంటే, పని ఎక్కువై కాదు, ఏదో అందక ఆగిపోతోంది. ఇలాంటి కంప్యూటర్‌కు ఇంకా వేగమైన ప్రాసెసర్ పెట్టినా అది కూడా ఖాళీగానే కూర్చుంటుంది.

కాబట్టి ఇకమీద ఏ సెట్టింగూ మార్చకుండా, కంప్యూటర్ మొరాయిస్తున్న క్షణంలోనే కొలవండి. బాగున్నప్పుడు తీసిన తెరల వల్ల ఉపయోగం లేదు. టెర్మినల్‌లో టాప్ ముందే తెరిచి ఉంచి, తర్వాత బ్రౌజర్ తెరవండి. పైన ప్రాసెసర్ వరుసలో ‘డబ్ల్యూఏ’ అని ఒక అంకె ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉండి, డిస్కు పని పూర్తికాక గడిచిన కాలం అది. దాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది: మీకు నాలుగు థ్రెడ్లు కాబట్టి, ఒకే ఒక్క ప్రోగ్రాము పూర్తిగా డిస్కు కోసం ఆగినా అక్కడ కనిపించేది 25 మాత్రమే. ‘ఇరవై అయిదే కదా, ఇంకా డెబ్బై అయిదు మిగిలింది’ అనుకోకండి. ఆ పాతిక వెనుక బ్రౌజర్ మొత్తం స్తంభించి ఉండవచ్చు.

డిస్కు కోసమే ఆగుతోందని తేలాక ఇద్దరు అనుమానితులు మిగులుతారు. ర్యామ్ చాలక లైనక్స్ అందులోని ముక్కలను స్వాప్‌లోకి, అంటే డిస్కులో వాటికోసం కేటాయించిన చోటులోకి, పంపుతూ, మళ్లీ లాక్కుంటూ డిస్కును సతాయిస్తోందా? లేక ర్యామ్ సరిపోతున్నా డిస్కే జవాబివ్వలేకపోతోందా? రెండింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే, మందులు వేరు. విడదీయడం తేలికే. టెర్మినల్‌లో వీఎమ్‌స్టాట్ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, 1 అంకె వేయండి. సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుసను వదిలేయండి, అది కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి సగటు. స్వాప్ కింద ‘ఎస్‌ఐ’, ‘ఎస్‌ఓ’ అనే రెండు నిలువు వరుసలున్నాయి. స్తంభించిన సమయంలో ఈ రెండూ వందల్లో, వేలల్లో ఎగురుతుంటే ర్యామ్ చాలడం లేదు. ఇవి సున్నా దగ్గరే ఉండి, పక్కన ‘డబ్ల్యూఏ’ మాత్రం ఎక్కువగా ఉంటే దోషి డిస్కు, లేదా డిస్కుకు వెళ్లే దారి.

నా అనుమానం రెండోదాని మీదే ఎక్కువ. కారణం మీరు యథాలాపంగా రాసిన ‘అరనిమిషం’. లైనక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే దాని మూలభాగం) డిస్కును ఏదైనా అడిగితే జవాబు కోసం ఎదురుచూసే గడువు మామూలుగా 30 సెకన్లు. డెస్క్‌టాప్ హార్డ్‌డిస్కులో ఒక సెక్టారు (సమాచారం దాచే చిన్న గడి) సరిగా చదవబడకపోతే ఆ డిస్కు వెంటనే ‘నా వల్ల కాదు’ అనదు. చదివే ముల్లు లాంటి హెడ్‌ను అటూ ఇటూ సర్దుకుంటూ మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నం సాగినంతసేపూ వెనుక అడిగినవన్నీ ఆగిపోతాయి. గడువు దాటితే కెర్నల్ డిస్కుతో ఉన్న లింకును రీసెట్ చేసి మళ్లీ మొదలుపెడుతుంది. మౌస్ బాణం కదలడం, నొక్కినవి తర్వాత ఒక్కసారిగా తెరుచుకోవడం ఈ కథకు అచ్చంగా సరిపోతాయి. ర్యామ్ చాలనప్పుడు వచ్చే నెమ్మది ఇలా ఉండదు. అది గడువు చూసుకుని వదలదు, ఈడుస్తూనే ఉంటుంది, తరచుగా మౌస్ బాణం కూడా తడబడుతుంది.

మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక కొన్నాళ్లు బాగుండడం కూడా ఇటే చూపిస్తోంది. చదవలేని సెక్టారు మీద కొత్తగా ఏదైనా రాస్తే, డిస్కు దాన్ని బాగుచేసుకుంటుంది, లేదా పక్కన దాచిన విడి సెక్టారును దాని బదులు పెట్టుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు సరిగ్గా అదే జరుగుతుంది: పాత చోట్ల మీద కొత్త ఫైళ్లు పడతాయి, జబ్బు తగ్గినట్టు కనిపిస్తుంది. తర్వాత వేరేచోట పాడవుతుంది. ‘లైనక్స్ కూడా విండోస్ లాగే కొన్నాళ్లకు బరువెక్కుతుంది’ అనే నమ్మకం ఇలాంటి డిస్కుల దగ్గర పుట్టి ఉండవచ్చు.

పరీక్షలకు ముందు ఒక పని. ఆ డిస్కులో ఇంటి ఫొటోలు, మీ నాన్నగారి కాగితాల స్కాన్లు ఉన్నాయన్నారు. వాటిని ఈ రాత్రే బయటి డిస్కులోకి కాపీ చేయండి. సుదీర్ఘమైన పరీక్షలు, ఫైల్ సిస్టమ్ మరమ్మతులు డిస్కు మొత్తాన్ని తిప్పి చదివిస్తాయి. చివరి దశలో ఉన్న డిస్కుకు అదే ఆఖరి పరుగు కావచ్చు. కాపీ మధ్యలో ఏదైనా ఫోల్డర్ దగ్గర ఆగిపోతే దాంతో కుస్తీ పట్టకండి. దాన్ని వదిలి మిగిలినవి ముందు తీసుకోండి. మొండికేసిన భాగానికి డీడీరెస్క్యూ అనే పరికరం ఉంది. అది తేలికగా వచ్చే భాగాలన్నీ ముందు తీసి, కష్టమైన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. దాన్ని మాత్రం పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ను నడుపుతూ వాడాలి.

ఇప్పుడు మెనూలో ‘డిస్క్స్’ తెరవండి. హార్డ్‌డిస్కును ఎంచుకుని, పైన మూడు చుక్కల దగ్గర స్మార్ట్ డేటా అనే అంశంలోకి వెళ్లండి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క అది. పైన ‘డిస్క్ ఈజ్ ఓకే’ అని ఉంటే దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. తయారీదారు పెట్టుకున్న హద్దు దాటితేనే ఆ తీర్పు మారుతుంది. ఆ హద్దులు చాలా ఉదారంగా ఉంటాయి. కింద పట్టికలో 5, 197, 198, 199 అంకెలున్న వరుసలు చూడండి. 5 అంటే ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు. 197 అంటే చదవలేక తేల్చుకోకుండా ఉంచినవి. 198 పరీక్షలో దొరికిన చదవలేనివి. 197 దగ్గర సున్నా కాక ఇంకేమున్నా నేనైతే ఆ డిస్కును నమ్మను. 5 దగ్గర ఒకటీ రెండూ ఉండి ఏళ్లుగా కదలకుండా ఉంటే కొంతకాలం చూడవచ్చు. వారం వారం పెరుగుతుంటే చూడాల్సింది ఏమీ లేదు. అనుమానం మిగిలితే అక్కడే స్వీయ పరీక్ష ఉంది: చిన్నది రెండు నిమిషాలు, పెద్దది మీ డిస్కుకు గంట దాటుతుంది.

199 సంగతి వేరు. డిస్కుకూ బోర్డుకూ మధ్య వైరు మీద సమాచారం చెడిపోయి చేరిన సందర్భాల లెక్క అది. ఇందులో డిస్కు తప్పు ఉండకపోవచ్చు. సాటా కేబుల్ వదులైనా, దాని మొనలు పాడైనా ఇది పెరుగుతుంది. ఒకసారి పెరిగిన అంకె తగ్గదు కాబట్టి ఈరోజు ఎంతుందో రాసిపెట్టుకుని, కేబుల్ మార్చాక పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. మెనూలోని ‘లాగ్స్’ ప్రోగ్రాము తెరిస్తే ఇదే విషయం ఇంకోలా దొరుకుతుంది. ‘ఏటీఏ1’ లేదా ‘ఏటీఏ2’ పేరుతో ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’, ‘లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్’ అనే వరుసలుంటే, కెర్నల్ ఆ దారిని నమ్మలేక వేగం తగ్గించుకుంటోందని అర్థం. మీ బోర్డులో మామూలు వేగం 3 గిగాబిట్లు, పడిపోతే 1.5కు వస్తుంది.

మన ఊళ్లో కేబుల్‌ను అనుమానించడానికి ఇంకో కారణం ఉంది. విశాఖలో గాలికి ఉప్పూ తేమా రెండూ ఎక్కువే. మీ వైపు రేవు దగ్గర కాబట్టి నల్లటి ధూళి కూడా తోడవుతుంది. కరెంటు వైరు పూర్తిగా తీసేసి, కేబినెట్ పక్క రేకు విప్పి చూడండి. ప్రాసెసర్ మీది ఫ్యాను కింద అల్యూమినియం రేకుల మధ్య, ఫ్యానుకూ రేకులకూ నడుమ, దుమ్ము ఒక నల్లటి చాపలా పేరుకుని ఉంటుంది. తేమ వల్ల అది ఊదితే పోదు, గోటితో అంచు పట్టుకుని లాగితే ముద్దగా ఊడి వస్తుంది. ఫ్యాను ఎంత తిరిగినా గాలి ఆ చాపను దాటదు. సాటా కేబుల్ పీకి దాని నోట్లోకి టార్చి వేసి చూడండి: సన్నటి బంగారు రంగు గీతలు మెరుస్తూ ఉండాలి. మసకబారి, ఆకుపచ్చ చాయ తిరిగి ఉంటే ఆలోచించకుండా పారేయండి. క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ చాలా చవక. కొత్తదాన్ని వేరే పోర్టులో పెట్టండి.

పెట్టె తెరిచారు కాబట్టి వేడి సంగతి కూడా అప్పుడే తేల్చేయండి. దుమ్మును మెత్తటి బ్రష్షుతో తీయండి, బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. ప్రాసెసర్‌కూ ఆ రేకులకూ మధ్య పూసిన పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంటే తుడిచి కొత్తది బియ్యపు గింజంత వేస్తే చాలు. తర్వాత టెర్మినల్‌లో సెన్సర్స్ అని కొట్టి వేడి చూడండి. బ్రౌజర్‌లో వీడియో నడుస్తుండగా 90 డిగ్రీలు దాటుతుంటే ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటూ ఉండవచ్చు. కెర్నల్ లాగ్‌లో ‘థ్రాటిల్డ్’ అనే మాట కోసం వెతకండి. అయితే వేడి వల్ల వచ్చే నెమ్మదిలో ప్రాసెసర్ వాడకం వంద దగ్గర ఉంటుంది, ఆరు దగ్గర కాదు. మీ అసలు జబ్బు అది కాదు. ఉన్నా రెండో జబ్బే.

డిస్కు ఆరోగ్యంగానే ఉందని తేలిందనుకోండి. అప్పటికీ నా సలహా ఒకటే: దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) వేయండి, ఎందుకంటే తిరిగే డిస్కు లెక్కే అంత. నిమిషానికి 7200 చుట్లంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. హెడ్ అక్కడికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. మొత్తం పదమూడు మిల్లీసెకన్లు. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు డెబ్బై అయిదు, ఎనభై సార్లు మించి అందుకోలేదు. బ్రౌజర్ తెరవడమంటే వేల కొద్దీ చిన్న ముక్కలు చదవడమే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు పదివేల సార్లకు పైగా చేస్తుంది. పాత కంప్యూటర్లలో ఒక్క మార్పుతో ఇంత తేడా ఇంకెక్కడా రాదు.

ఇప్పుడు మీ స్క్రిప్టు. దాన్ని ఈరోజే తీసేయండి. మీరు రాసిన లోపాలన్నింటిలో మీ చేత్తో మీరు తెచ్చుకున్నది ఇదొక్కటే. ఫ్రీ అనే కమాండ్ చూపించే పట్టికలో ‘ఫ్రీ’ కింద తక్కువ అంకె చూసి చాలామంది కంగారు పడతారు. చూడాల్సింది చివరన ఉండే ‘అవైలబుల్’. ఒకసారి చదివిన ఫైళ్లను లైనక్స్ ర్యామ్‌లో అట్టే పెట్టుకుంటుంది. ఎవరికైనా చోటు కావాలంటే వెంటనే వదిలేస్తుంది. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు. మీ స్క్రిప్టు ‘డ్రాప్ క్యాషెస్’కు 3 అని రాసి ఆ నిల్వనంతా అయిదు నిమిషాలకోసారి పారబోస్తోంది. పారబోసిన ప్రతిదాన్నీ మళ్లీ సెకనుకు డెబ్బై అయిదుసార్లకు మించి అందుకోలేని ఆ డిస్కు నుంచే తేవాలి. నెల సరుకులు అయిదు నిమిషాలకోసారి వీధిలో పడేసి, పప్పు వేయాలన్నప్పుడల్లా పూర్ణా మార్కెట్‌కు పరిగెత్తడం లాంటిది ఇది. ఆ సదుపాయాన్ని కెర్నల్ రాసేవాళ్లు పరీక్షల కోసం పెట్టారు, క్యాష్‌ను అదుపు చేయడానికి వాడవద్దని వాళ్ల పత్రాల్లోనే ఉంది. స్వాపినెస్ 10 వల్ల పెద్ద హాని లేదు, పెద్ద మేలూ లేదు. 60కి తిరిగి పెట్టి మర్చిపోండి.

ఎస్‌ఎస్‌డీ కొనడానికి ద్వారకానగర్‌కో డాబాగార్డెన్స్‌కో వెళ్లినప్పుడు 2.5 అంగుళాల సాటాది అడగండి. హెచ్61 బోర్డులో ఎం.2 స్లాటు ఉండదు, పొడుగాటి చిన్న ముక్కను అంటగడితే తిరిగి వెళ్లాల్సి వస్తుంది. మీ బోర్డు సాటా వేగం 3 గిగాబిట్లే కాబట్టి సెకనుకు 300 మెగాబైట్ల లోపే వస్తుంది, డబ్బా మీద రాసిన 500 రాదు. దాని గురించి బాధపడకండి. మీకు తేడా చూపించేది పెద్ద ఫైళ్లను ఏకధాటిగా చదివే ఆ వేగం కాదు, చిన్న ముక్కలను అందుకునే వేగం. 240 లేదా 256 జీబీ మీ నాన్నగారికి సరిపోతుంది. పేరూ ఊరూ లేని రకం వద్దు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ఇంటికి తెచ్చాక, ఇన్‌స్టాల్ చేయక ముందే, ఎఫ్3 అనే పరికరంతో నిజంగా అంత సామర్థ్యం ఉందో లేదో చూసుకోవచ్చు. నకిలీ సరుకు అక్కడే బయటపడుతుంది. కరెంటు పంచే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె నుంచి సాటా పవర్ పిన్ను ఒకటి ఖాళీగా ఉందో లేదో కూడా బయల్దేరే ముందే చూసుకోండి.

పెట్టాక బయాస్‌లోకి (ఆన్ చేయగానే తెరవగలిగే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి సాటా మోడ్ ఏముందో చూడండి. ఆ కాలపు బోర్డులు చాలావాటిలో పాత విండోస్ కోసం ఐడీఈ అనే పాత పద్ధతిలో పెట్టి వదిలేశారు. ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మార్చండి. లైనక్స్ దీనికి అలగదు, మార్చాక కూడా మామూలుగానే లేస్తుంది. ట్రిమ్ (చెరిపేసిన చోట్లేవో ఎస్‌ఎస్‌డీకి చెప్పే పని) కోసం మీరేమీ చేయనక్కర్లేదు, మింట్ దాన్ని వారానికోసారి తానే నడుపుతుంది.

ర్యామ్ కూడా పెంచండి, కానీ ఎస్‌ఎస్‌డీ తర్వాత. సినమన్‌కు 2 జీబీ కనీసం, హాయిగా నడవడానికి 4 జీబీ అని మింట్ వాళ్లే చెబుతారు, కానీ ఆ లెక్కలో మీ నాన్నగారి పదిహేను ట్యాబులు లేవు. మీ బోర్డులో సాధారణంగా రెండే స్లాట్లుంటాయి. ఇంకో 4 జీబీ డీడీఆర్3 వేస్తే రెండు చానెళ్లూ పని చేస్తాయి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు అది అదనపు లాభం. ఇక్కడ ఒక వల ఉంది. చవకగా దొరికే 8 జీబీ డీడీఆర్3 కడ్డీల్లో కొన్ని ఏఎమ్‌డీ బోర్డుల్లో మాత్రమే పని చేసే రకం. మీ ఇంటెల్ బోర్డులో పెడితే తెరే రాదు. కొనేటప్పుడు ఇంటెల్ బోర్డుకు అని గట్టిగా చెప్పి, పని చేయకపోతే వాపసు తీసుకుంటామని మాట తీసుకోండి. పాత ర్యామ్‌ను బయటికి తీసినప్పుడు దాని బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. అది చాదస్తంలా కనిపిస్తుంది గానీ మన ఉప్పుగాలిలో పని చేసే చాదస్తం.

ర్యామ్ దొరికేలోపు జడ్‌ర్యామ్ పెట్టుకోవచ్చు. స్వాప్‌ను డిస్కులో కాక ర్యామ్‌లోనే కుదించి దాచే ఏర్పాటు అది. ఫెడోరా అనే ఇంకో లైనక్స్ 2020లో వచ్చిన 33వ విడుదల నుంచి దీన్ని మొదటి నుంచే ఇస్తోంది. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో జడ్‌ర్యామ్ టూల్స్ అని వెతికి వేసుకోవాలి. 4 జీబీ కంప్యూటర్‌లో దాని ఫలితం కంటికి తెలుస్తుంది.

నాలుగు నిమిషాల బూట్ గురించి. డిస్కు వల్ల సగం, కానీ అందులో కచ్చితంగా నిమిషంన్నర ఇంకోదాని వల్ల కావచ్చు. పాత విండోస్ డీ డ్రైవును తనంతట తాను తెరుచుకునేలా ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కు భాగాలు తెరవాలో రాసే ఫైలులో) రాశానన్నారు, తర్వాత ఆ భాగాన్ని ఫార్మాట్ చేశానని కూడా అన్నారు. ఫార్మాట్ చేస్తే దాని యూయూఐడీ, అంటే గుర్తింపు సంఖ్య, మారుతుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాతదే ఉంది కాబట్టి, లేని డిస్కు కోసం సిస్టమ్‌డీ (బూట్ పనులను నడిపే ప్రోగ్రాము) 90 సెకన్లు వేచి చూస్తూ ఉండవచ్చు. బూట్ అవుతున్నప్పుడు ఎస్కేప్ నొక్కితే ఆ నిరీక్షణ సెకన్లతో సహా తెర మీద కనిపిస్తుంది. ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేయండి, నిమిషంన్నర తిరిగొస్తుంది. మిగిలిన సమయాన్ని ఎవరు తింటున్నారో సిస్టమ్‌డీ-ఎనలైజ్ పక్కన బ్లేమ్ అని కొడితే పెద్ద నుంచి చిన్నకు వరుసగా చెబుతుంది. అయితే ఆ జాబితాలో పైన ఉన్న ప్రతిదాన్నీ ఆపేయాలని చూడకండి. చాలా సేవలు వెనుక తమ పని తాము చేసుకుంటుంటాయి, డెస్క్‌టాప్ వాటి కోసం ఆగదు.

గ్రాఫిక్స్‌ను ఒక్కసారి తనిఖీ చేస్తే చాలు. ‘సిస్టమ్ రిపోర్ట్స్’లో రెండరర్ దగ్గర ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంటే తెర మీది ప్రతి బొమ్మనూ ప్రాసెసరే గీస్తోందని అర్థం. ఎక్కువసార్లు దీనికి కారణం ఇన్‌స్టాల్ సమయంలో నల్ల తెర దాటడానికి వేసిన నోమోడ్‌సెట్ అనే మాట గ్రబ్‌లో (లైనక్స్‌ను లేపే ప్రోగ్రాము సెట్టింగుల్లో) అలాగే మిగిలిపోవడం. సినమన్ కూడా ఇలాంటప్పుడు లాగిన్ అవగానే ఒక హెచ్చరిక చూపిస్తుంది, మీరు దాని గురించి రాయలేదు కాబట్టి ఇది మీ సమస్య అనుకోను. యూట్యూబ్ తడబడితే మాత్రం వేరే కారణం: మీ చిప్‌లోని గ్రాఫిక్స్‌కు హెచ్.264 రకం వీడియో విప్పడం తెలుసు గానీ, యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 రకాలు తెలియవు. హెచ్.264 మాత్రమే అడిగే చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసి, వీడియోను 720 దగ్గర పెట్టండి.

నెట్‌లో మీకు ఇంకా చాలా చిట్కాలు ఎదురవుతాయి. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలకు పెట్టిన రక్షణలను గ్రబ్‌లో ఆపేస్తే వేగం పెరుగుతుందన్నది వాటిలో ఒకటి. మీ నాన్నగారు ఇదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేస్తారు. ఆ కొద్ది లాభం కోసం ఆ తలుపు తీయవద్దు, అందులోనూ మీ జబ్బు ప్రాసెసర్‌ది కానప్పుడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌కు మారమనే సలహా చెడ్డది కాదు, కొన్ని వందల మెగాబైట్ల ర్యామ్ మిగులుతుంది. కానీ చదవలేని సెక్టారు ఏ డెస్క్‌టాప్ వేసినా చదవలేనిదే. కరెంటు విషయంలో ఒక్క మాట: హుద్‌హుద్ తుపాను తర్వాత కొన్న యూపీఎస్‌లే ఇంకా బల్లల కింద ఉన్న ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి, వాటిలో బ్యాటరీలు ఎప్పుడో పోయి ఉంటాయి. మీదీ అలాంటిదైతే కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ టక్కున ఆరిపోతోందన్నమాట. ఫైల్ సిస్టమ్ జర్నల్ తన లెక్కలు సర్దుకుంటుంది గానీ తిరుగుతున్న డిస్కుకు ఆ దెబ్బలు మంచివి కావు.

పాత డిస్కులో 197 సున్నా కాకపోతే దాన్ని బ్యాకప్‌కు వాడాలన్న ఆలోచన వద్దు. సున్నా అయి, దోషం కేబుల్‌దేనని తేలితే, సినిమాలూ పాటలూ పెట్టుకోవడానికి రెండో డిస్కుగా ఉంచుకోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా స్మార్ట్ అంకెలు శుభ్రంగా ఉండి, కొత్త కేబుల్‌తోనూ ఆ అరనిమిషం ఆగడం మానకపోతే, మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించండి. ఒక్క ఎర్ర గీత కనిపించినా ఆ కడ్డీ పనికిరాదు. అదీ బాగుంటే స్తంభించిన సమయాన్ని గడియారం చూసి రాసుకుని, లాగ్స్‌లో ఆ నిమిషానికి ముందూ వెనుకా ఉన్న వరుసలు, స్తంభించినప్పటి వీఎమ్‌స్టాట్ ఇరవై వరుసలు, స్మార్ట్ పట్టిక ఫొటో పంపండి. మూడూ కలిపి చూసి చెబుతాను.